బ్యాటరీ బాగుంది, తొవ్వ ఖరాబైంది

సూర్యాపేట దాటి విజయవాడ వైపు పది కిలోమీటర్లు పోయి ఉంటాం. రాత్రి తొమ్మిదిన్నర, సన్నగా తుంపర. బండి మా చిన్నాన్నది. 1997లో కొన్న చిన్న పెట్రోలు కారు, అప్పటికే పన్నెండేళ్లు నిండినది. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి, వైపర్లు ఆడుతున్నాయి, అద్దం మీద ఆవిరి పోవడానికి లోపలి ఫ్యాను గట్టిగా తిరుగుతోంది. ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారే పోయాయి. ఇంజిన్ ఆగింది, లైట్లు ఆరాయి, వైపర్లు అద్దం మధ్యలో నిలబడిపోయాయి. హారన్ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. కటిక చీకట్లో బండి తన ఊపు మీదే దొర్లుతోంది.

చిన్నాన్న చేసిన మంచి పని ఒకటే: కంగారులో తాళం చెవి బయటికి లాగలేదు. లాగి ఉంటే స్టీరింగు బిగుసుకుపోయేది. నెమ్మదిగా మట్టి అంచుకి దించాడు.

"పోయిందిరా బ్యాటరీ" అన్నాడు.

తలుపులు తెరుచుకుని, వచ్చే లారీలకి సెల్‌ఫోను వెలుగు ఊపుతూ నిలబడ్డాం. ఇరవై నిమిషాలు గడిచాయి. అప్పుడు బండిలో లోపలి దీపం దానంతటదే వెలిగింది. ఎవరం ముట్టుకోలేదు. తాళం తిప్పితే ఇంజిన్ ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. బతుకు జీవుడా అనుకుంటూ కోదాడ చేరాం. మర్నాడు కొత్త బ్యాటరీ వేయించారు, మూడు వేల చిల్లర. ఎనిమిది రోజులకి మళ్లీ అదే తంతు, మళ్లీ రాత్రే. పిన్ని నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించమంది. ఆ వైద్యానికి పది రూపాయలైంది. కొత్త బ్యాటరీ కంటే చాలా చవక, ఫలితం మాత్రం రెండింటిదీ ఒకటే.

పాత బండిలో కరెంటు హఠాత్తుగా పోతే మనం ముందు అనుమానించేది బ్యాటరీని. అది కంటికి కనిపిస్తుంది, కొట్లో దొరుకుతుంది, మార్చడం పది నిమిషాల పని. కానీ "హఠాత్తుగా" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగితే బ్యాటరీ మీద అనుమానం సగం తగ్గిపోతుంది. బ్యాటరీ డౌన్ కావడం చెరువు ఎండడం లాంటిది. ముందు సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది, లైట్లు పసుపు రంగుకి దిగుతాయి, హారన్ గొంతు బొంగురు పోతుంది, అప్పుడు గానీ పూర్తిగా చావదు. కళ్లు మూసి తెరిచేలోగా అంతా పోయి, కాసేపటికి అంతా తిరిగొచ్చిందంటే చెరువు ఎండలేదు. కాలువ తెగింది.

ఈ పోలికని ఇంకాస్త సాగదీస్తాను. చెరువు నుంచి తూము, తూము నుంచి కాలువ, కాలువ చివర మన మడి. కాలువ మధ్యలో చెత్త అడ్డుపడింది అనుకోండి. చివరి షట్టరు దించేసి ఉంచితే, చెత్త సందుల్లోంచి ఊరి ఊరి, కాసేపటికి చివర కూడా నీళ్లు చెరువు మట్టానికే నిలబడతాయి. చూసినవాడు కాలువ భేషుగ్గా ఉందంటాడు. షట్టరెత్తి పొలానికి పారించినప్పుడు బయటపడుతుంది సంగతి: అడ్డుకి ఎగువన నిండు కాలువ, దిగువన పాదం తడవనంత నీరు. చివరి ఆయకట్టు రైతుకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

కరెంటు విషయంలో నీటి మట్టం స్థానంలో వోల్టేజి, పారుదల స్థానంలో ఆంపియర్లు, అడ్డు స్థానంలో ఓమ్‌లు. జర్మనీలో బడి పంతులుగా పనిచేస్తూ గియోర్గ్ ఓమ్ 1827లో అచ్చు వేయించిన సూత్రం చెప్పేది ఇంతే: అడ్డు దగ్గర పోయే వోల్టేజి, పారే కరెంటుని అడ్డుతో గుణిస్తే వచ్చేంత. పారకపోతే పోయేదీ లేదు. అందుకే బండి ఆపి, అన్నీ ఆపేసి, మీటరు పెట్టి చూసి "పన్నెండున్నర వోల్టులు చూపిస్తోంది, వైరింగు బాగానే ఉంది" అనడం షట్టరు దించి కాలువని మెచ్చుకోవడమే. నూటికి యాభై మంది ఇక్కడే దారి తప్పుతారని నా అనుమానం. మెకానిక్కులకీ మినహాయింపు లేదు.

ఒక లెక్క వేద్దాం. బ్యాటరీ మొనకి, దాన్ని పట్టుకునే క్లాంపుకి మధ్య తెల్లటి పొడి పేరుకుని 0.05 ఓమ్ అడ్డు ఏర్పడింది. వినడానికి ఏమీ లేనట్టే ఉంది. లోపలి దీపానికి కావలసింది ఒక ఆంపియరు కూడా కాదు. అక్కడ పోయేది వోల్టులో ఇరవయ్యో వంతు, దీపం నిక్షేపంగా వెలుగుతుంది. ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి. చిన్న కారు సెల్ఫ్ కూడా వంద, నూట యాభై ఆంపియర్లు లాగబోతుంది. 150ని 0.05తో గుణిస్తే ఏడున్నర వోల్టులు. పన్నెండులో ఏడున్నర ఆ పొడి దగ్గరే పోతే మోటారుకి మిగిలేదేమిటి? ఒక్క "టక్" శబ్దం, అంతే. దీపం వెలుగుతోంది కాబట్టి బ్యాటరీ ఉందనీ, సెల్ఫ్ తిరగలేదు కాబట్టి సెల్ఫే పోయిందనీ తేల్చేస్తాం. మోటారు విప్పి షాపుకి మోస్తాం. సెల్ఫ్‌కీ సంబంధం లేదు, బ్యాటరీకీ లేదు.

(మనం సెల్ఫ్ అనేది సెల్ఫ్ స్టార్టరుకి పొట్టి పేరు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టరు 1912 క్యాడిలాక్ కార్లతో బజారుకెక్కింది. అంతకు ముందు ముందువైపు నిలబడి హ్యాండిల్ తిప్పడమే. ఆ హ్యాండిల్ మన అంబాసిడర్లలో చాలా ఏళ్లు డిక్కీలో పడి ఉండేది. అది చేతిలో ఉన్నవాడికి సెల్ఫ్ వైరు ఊడినా దిగులు లేదు.)

రెండు లోహపు ముక్కలు గట్టిగా బిగించి ఉంటే అవి పూర్తిగా ఒకదానినొకటి తాకుతున్నాయని మన కన్ను చెబుతుంది. అది అబద్ధం. ఎంత నునుపైన లోహమైనా సూక్ష్మంగా చూస్తే గుట్టలూ లోయలే. తాకేవి గుట్టల కొసలు మాత్రమే. స్వీడన్‌కి చెందిన భౌతిక శాస్త్రవేత్త రాగ్నర్ హోల్మ్ ఏళ్ల తరబడి ఈ తాకిడి మీద పని చేశాడు. 1946లో వచ్చిన ఆయన గ్రంథం ఈ రంగంలో ఇప్పటికీ పెద్ద దిక్కు. ఆయన తేల్చిన ప్రకారం కరెంటు దాటేది ఆ కొసల దగ్గరి చిట్టి చుక్కల గుండానే. వాటి మొత్తం విస్తీర్ణం మనకి కనిపించే ముఖంలో అతి స్వల్ప భాగం. కొత్త బండిలో ఆ చుక్కలు సరిపోతాయి. పన్నెండేళ్ల కుదుపులకి వైరు చివర బిగించే లగ్గు వదులవుతుంది, చుక్కలు తగ్గుతాయి. గాలి, తేమ కలిసి మిగిలిన చోట ఆక్సైడు పొర పరుస్తాయి. కాకినాడ, భీమిలి లాంటి చోట్ల సముద్రపు ఉప్పు గాలి ఈ పనిని ఇంకా తొందరగా ముగిస్తుంది. ఆక్సైడు కరెంటుని సరిగా పోనివ్వదు. ఉన్న నాలుగు చుక్కల మీదే పారుదలంతా పడుతుంది. ఇరుకు సందులో జనం తోసుకున్నట్టు, అక్కడ వేడి పుడుతుంది.

చిన్నాన్న బండి రాత్రే ఎందుకు ఆగేదో ఆ వేడి చెబుతుంది. అది కనిపెట్టింది నేను కాదు, సూర్యాపేటలో ఒక చింతచెట్టు కింద డబ్బా పెట్టుకుని కూర్చునే పెద్దాయన. అందరూ సాయబు గారు అనే పిలుస్తారు. మూడోసారి ఆగినప్పుడు ఎవరో ఆయన దగ్గరికి పంపారు. ఆయన బానెట్ కూడా ఎత్తక ముందు అడిగిన ప్రశ్న: "ఎప్పుడు పోతది సార్? పగటి పూట పోతదా, లైట్లేస్తెనే పోతదా?"

పగలు ఒక్కసారీ పోలేదన్నాం. హైదరాబాదు దాకా పోయొచ్చినా పోలేదు.

ఆయన ఇంజిన్ ఆన్ చేయించి, హెడ్‌లైట్లు, ఫ్యాను, వైపర్లు అన్నీ వేయించాడు. పావుగంట బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. తర్వాత డ్యాష్‌బోర్డు కిందికి చెయ్యి దూర్చి వైర్ల కట్ట వెంట తడుముకుంటూ పోయి ఒకచోట చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. ఇంకో రెండు నిమిషాలకి అన్నీ ఆరిపోయాయి, సరిగ్గా సూర్యాపేట రోడ్డు మీద పోయినట్టే. ఆయన టెస్ట్ ల్యాంపు తీశాడు. ఇండికేటరు బల్బు, దానికి రెండు వైర్లు, ఒక కొసన క్లిప్పు, ఇంకో కొసన అరగదీసిన సైకిలు పుల్ల. క్లిప్పు బండి ఇనుముకి తగిలించి, పుల్లతో, ఇందాక చెయ్యి లాగేసుకున్న చోట వైర్లని కలిపే కప్లరుకి బ్యాటరీ వైపున్న వైరు ముట్టుకుంటే వెలిగింది. అదే కప్లరుకి ఫ్యూజు పెట్టె వైపున్న వైరు ముట్టుకుంటే వెలగలేదు.

"బ్యాటరీ బరాబర్ ఉన్నది సార్. తొవ్వ ఖరాబైంది."

కప్లరు విప్పితే తెల్ల ప్లాస్టిక్కు మాడిన బెల్లం పాకం రంగుకి వచ్చింది. లోపలి ఇత్తడి నాలుక నల్లబడి, పట్టు వదిలి ఊగుతోంది. బ్యాటరీ నుంచి వచ్చే మెయిన్ వైరు బండి మొత్తానికి కరెంటు పంచే చోటు అది. పగలు ఆ దారిన పోయేది ఇంజిన్‌కి కావలసిన నాలుగైదు ఆంపియర్లు. రాత్రి హెడ్‌లైట్లకే తొమ్మిది దాకా, ఫ్యాను, వైపర్లు, వెనక దీపాలు కలిపితే ఇరవై దగ్గర. నాలుగింతలు. కానీ వేడి నాలుగింతలతో ఆగదు, కరెంటు వర్గంతో పెరుగుతుంది. నాలుగింతలు కరెంటంటే పదహారింతలు వేడి. ఇందాకటి 0.05 ఓమే తీసుకుంటే పగలు ఒకటింబావు వాట్, అది చేతికి కూడా తెలియదు. రాత్రి ఇరవై వాట్లు. రేడియో రిపేరు షాపులో సోల్డరింగు ఐరన్ ఇరవై ఐదు వాట్లది. గోరంత కప్లరులో ఒక సోల్డరింగు ఐరన్ పెట్టి రాత్రంతా తిరిగినట్టన్నమాట. వేడికి ఇత్తడి సాగి, ప్లాస్టిక్కు మెత్తబడి, తాకే చుక్కలు విడిపోతాయి. కరెంటు ఆగుతుంది. ఆగితే చల్లారుతుంది. చల్లారితే కుంచించుకుని మళ్లీ తాకుతాయి. లోపలి దీపం దానంతటదే వెలిగిన రహస్యం ఇదే. నిమ్మకాయ కట్టిన బండికి నిమ్మకాయ పని చేసిందనిపించడానికి ఈ ఇరవై నిమిషాలు చాలు.

కొత్త లగ్గు నొక్కి, సోల్డరు పోసి, కప్లరు మార్చి నూట ఇరవై రూపాయలు తీసుకున్నాడు.

ఆయన పద్ధతిని ఇంట్లో చేసుకోవాలంటే పెద్ద సరంజామా అక్కర్లేదు. టెస్ట్ ల్యాంపు ఎవరైనా చేసుకోవచ్చు. దాంతో పాటు చవకరకం డిజిటల్ మీటరు ఒకటి. కోఠీ గుజరాతీ గల్లీలోనూ, విజయవాడ ఆటోనగర్ కొట్లలోనూ రెండు మూడు వందల రూపాయలకే దొరికే పసుపు డబ్బా చాలు. పది నంబరు పానా, గరుకు కాగితం, వంట సోడా, కాస్త వ్యాసలిన్.

అన్నిటికంటే ముందు చేయవలసిన పరీక్షకి ఇవి కూడా అవసరం లేదు. హెడ్‌లైట్లు వేసి, గోడ మీద వెలుగు చూస్తూ సెల్ఫ్ కొట్టండి. వెలుగు బాగా తగ్గిపోయి సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరిగితే బ్యాటరీ నీరసించిందని అనుకోవచ్చు. వెలుగు ఒక్కసారిగా పూర్తిగా ఆరిపోయి, తాళం వదలగానే మళ్లీ వస్తే ఎక్కడో పెద్ద కీలు వదులైంది, ఎక్కువగా బ్యాటరీ క్లాంపుల దగ్గరే. వెలుగు చెక్కుచెదరకుండా నిలబడి సెల్ఫ్ మాత్రం పలకకపోతే కరెంటు మోటారు దాకా పోవడమే లేదు. తాళం స్విచ్చి, రిలే, సెల్ఫ్ సోలినాయిడు చూసుకోవాలి. అసలు వెలుగే రాకపోతే మెయిన్ దారి తెగింది. ఇక్కడ తాళం చెవిని అటూ ఇటూ కాస్త కదిపి చూడటం కూడా పరీక్షే. అది కదిలినప్పుడల్లా డ్యాష్‌బోర్డు దీపాలు మిణుకుమంటే ఏళ్ల తరబడి అరిగిన స్విచ్చి దొరికిపోయినట్టే. కీ చైనుకి ఇంటి తాళాలు, బీరువా తాళాలు, దేవుడి బిళ్ల అన్నీ వేలాడదీసే వాళ్ల బండ్లలో ఇది ఇంకా తొందరగా అరుగుతుంది.

బ్యాటరీ క్లాంపులు చూసేటప్పుడు పైన కనిపించే తెల్ల, పచ్చ పొడి కంటే మోసకారిది లోపలుంది. క్లాంపు మొనకి తగిలే గుండ్రటి ముఖం మీద బూడిద రంగు పొర ఉంటుంది, అది సీసపు ఆక్సైడు. బయట తుడిచేసి ఊరుకుంటే లాభం లేదు. మైనస్ క్లాంపు ముందు విప్పాలి. ప్లస్ ముందు విప్పబోతే చేతిలో పానా పొరపాటున బండి ఇనుముకి తగిలినప్పుడు వందల ఆంపియర్లు దాని గుండా పోతాయి. చేతికి ఉంగరం, గడియారం ఉంటే తీసి జేబులో వేసుకోండి. వంట సోడా కలిపిన వేడినీళ్లు పోస్తే ఆమ్లం పొంగి చస్తుంది, కానీ ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు. తుడిచి, సీసం వెండిలా మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించి, ఆ తర్వాత పైన వ్యాసలిన్ పూయండి. ముందు పూసి తర్వాత బిగించేవాళ్లున్నారు. వ్యాసలిన్ పని తేమని బయట ఆపడం, తాకే ముఖాల మధ్య దూరడం కాదు.

ఇక మీటరు. 20 వోల్టుల డీసీ గీత మీద పెట్టి బ్యాటరీ మొనలకి ముట్టిస్తే, రాత్రంతా బండి కదలకుండా ఉన్నప్పుడు 12.6 చూపితే నిండు, 12.2 సగం, 12కి దిగువన దాదాపు ఖాళీ. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఆల్టర్నేటరు, మన షెడ్లలో ఇప్పటికీ డైనమో అనే పిలుస్తారు, నింపే పని చేస్తోందన్నమాట. ఇదంతా చెరువు మట్టం చూడటం. కాలువ చూడాలంటే మీటరుని అడ్డంగా కాక పొడవునా పెట్టాలి: ఒక కొస బ్యాటరీ ప్లస్ మొన మీద, ఇంకో కొస సెల్ఫ్ పెద్ద బోల్టు మీద. ఇంకొకరు సెల్ఫ్ కొడుతుంటే చదవాలి. గేరు న్యూట్రల్లో, హ్యాండ్‌బ్రేకు వేసి, పెట్రోలు బండైతే ఇగ్నిషన్ కాయిల్‌కి వచ్చే సన్న వైరు పీకేసి. మీటరు అర వోల్టు లోపు చూపితే దారి బాగుంది. రెండు మూడు చూపితే ఆ రెండు కొసల మధ్య ఎక్కడో దొంగ ఉన్నాడు. కొసలని దగ్గర చేసుకుంటూ పోతే దొరుకుతాడు: మొనకీ క్లాంపుకీ మధ్య, క్లాంపుకీ వైరుకీ మధ్య, వైరుకీ బోల్టుకీ మధ్య. వైరు బాగున్న చోట మీటరు సున్నా దగ్గర ఉంటుంది. ఎక్కడ అంకె గబుక్కున లేస్తుందో అక్కడ పానా పెట్టండి.

ఇదే పని మైనస్ వైపు కూడా చేయాలి. చాలామంది చేయరు, చెరువు పోలిక ఇక్కడ కాస్త మోసం చేస్తుంది కూడా. మడిలో పారిన నీళ్లు చెరువుకి తిరిగి పోనక్కర్లేదు. కరెంటు మాత్రం బ్యాటరీకి తిరిగి చేరి తీరాలి, తిరుగు దారి మూసుకుంటే పోయే దారిలోనూ కదలదు. కార్లలో ఆ తిరుగు దారి బండి ఇనుప శరీరమే. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి దాన్ని బాడీకి కలపడానికి అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది, ఎర్త్ పట్టీ. తుప్పు పట్టి అది తెగినా, ఇంజిన్ దించి ఎక్కించినప్పుడు కుర్రాడు బిగించడం మరిచినా, సెల్ఫ్ కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. క్లచ్ కేబులో, యాక్సిలరేటర్ కేబులో దొరుకుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా క్లచ్ కేబులు పొగలు కక్కితే కేబులు మార్చి ప్రయోజనం లేదు. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్ ఇనుముకి జంపర్ కేబులు ఒకటి తగిలించి సెల్ఫ్ కొట్టండి. హుషారుగా తిరిగితే దొంగ ఎర్త్ పట్టీయే. మీటరులో లెక్క: మైనస్ మొనకీ ఇంజిన్ ఇనుముకీ మధ్య, సెల్ఫ్ తిరుగుతుండగా, మూడో వంతు వోల్టు దాటకూడదు. ఒక జాగ్రత్త. 1960ల దాకా చాలా బ్రిటిష్ కార్లలో ప్లస్సే బాడీకి కట్టేవారు. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశంలోది కాబట్టి, తొలినాటి బండి చేతికొస్తే ముందు ఏ మొన బాడీకి ఉందో చూసుకుని అప్పుడు పానా పట్టండి.

ఫ్యూజుల సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటాం. ఒక ఫ్యూజు పోతే దాని కింది దీపాలే పోతాయి. బండంతా పోయిందంటే చిన్న ఫ్యూజుల పెట్టె ముందు కూర్చోవడం వృథా. చాలా పాత కార్లలో బ్యాటరీ పక్కనే, మామూలు వైరులాగే కనిపించే ఫ్యూజిబుల్ లింకు ఉంటుంది. అది కావాలనే పక్క వైరు కంటే సన్నగా పెట్టిన ముక్క. పెద్ద షార్టు వస్తే ముందు అదే కరిగి బండి కాలకుండా కాపాడుతుంది. లోపల రాగి కరిగినా పైన రబ్బరు తొడుగు చెక్కుచెదరకపోవచ్చు, కాబట్టి కంటితో చూస్తే తెలియదు. రెండు చేతులతో పట్టి మెల్లగా లాగితే రబ్బరు బ్యాండులా సాగుతుంది. సాగితే లోపల ఏమీ లేదు. టెస్ట్ ల్యాంపుతో రెండు కొసలూ ముట్టుకుని చూస్తే ఇంకా నిక్కచ్చిగా తేలుతుంది.

ఫ్యూజు పోయిన చోట సిగరెట్టు పెట్టె జిగి కాగితం చుట్టి పెట్టడం, రాగి తీగ మడిచి దూర్చడం మన రోడ్ల మీద పాత విద్య. అది చవక కాదు. బిళ్ల ఫ్యూజుల్లో ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. నీలం ఉండవలసిన చోట జిగి కాగితం పెడితే ఇక ముందుగా కరిగేది ఫ్యూజు కాదు, సీటు కింద తివాచీకి ఆనుకుని పోయే వైరు. వేసిన ఫ్యూజు వేసినట్టే పోతుంటే, పది రూపాయల ఫ్యూజులు డజను కాల్చకుండా షార్టు పట్టుకునే ఉపాయం ఒకటుంది. ఫ్యూజు తీసేసిన రెండు కొసల మధ్య పాత హెడ్‌లైటు బల్బు ఒకటి కలపండి. షార్టు ఉంటే బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది. 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంపియర్లకి మించి పోనివ్వదు, కాబట్టి వైర్లు కాలవు. ఇప్పుడు ఆ దారిలో ఉన్న కప్లర్లు ఒక్కొక్కటే విప్పుతూ పోండి. ఏది విప్పినప్పుడు బల్బు ఆరిందో షార్టు దాని అవతల ఉంది. తరచూ అక్కడ దొరికేది ఎలక కొరికిన వైరు.

బ్యాటరీని ఇంతసేపు వెనకేసుకొచ్చాను, దాని తప్పు కూడా చెప్పాలి. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేసిన సీసపు బ్యాటరీకీ, ఇవాళ తిరుపతి పక్కన కరకంబాడిలో తయారయ్యే కారు బ్యాటరీకీ సూత్రం ఒకటే: సీసం, సీసపు డయాక్సైడు, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం. లోపల ఆరు గదులు, గదికి రెండు వోల్టుల పైచిలుకు, గదికీ గదికీ మధ్య సీసపు అతుకు. మన ఎండలకి లోపలి ప్లేట్లూ అతుకులూ చివకడం తొందరపడుతుంది. ఒక అతుకు పగిలి కొసలు తాకీ తాకనట్టు ఉంటే మీటరు 12.6 చూపుతుంది, లోపలి దీపం వెలుగుతుంది, హెడ్‌లైటు వేయగానే అంతా సున్నా. హఠాత్తుగా చచ్చే బ్యాటరీ ఇదొక్కటే. పట్టుకోవడం తేలిక: మీటరు కొసలు క్లాంపుల మీద కాకుండా నేరుగా సీసపు మొనల మీదే పెట్టి హెడ్‌లైట్లు వేయండి. మొనల దగ్గరే 12.6 కాస్తా మూడు నాలుగుకి పడిపోతే తప్పు లోపలిది, కొత్త బ్యాటరీ కొనాల్సిందే. దాన్ని పదే పదే సెల్ఫ్ కొట్టి బతికించబోవద్దు. పగిలిన అతుకు దగ్గర నిప్పు రవ్వ లేస్తుంది, చార్జి అయ్యేటప్పుడు పుట్టిన హైడ్రోజన్ అక్కడే ఉంటుంది. గాలిలో ఆ వాయువు నూటికి నాలుగు పాళ్లుంటే చాలు పేలడానికి. పక్క బండి నుంచి జంపర్ కేబులు కలిపేటప్పుడు ఆఖరి క్లిప్పు బ్యాటరీ మైనస్‌కి కాకుండా దూరంగా ఇంజిన్ ఇనుముకి తగిలించమనేది అందుకే: ఆఖరి క్లిప్పు దగ్గరే రవ్వ వస్తుంది.

ఇంకో పాత విద్య గురించి కూడా చెప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ క్లాంపు పీకి, ఇంజిన్ ఆగకపోతే డైనమో మంచిదని తేల్చే పరీక్ష. నిజమైన డైనమోల కాలంలో అది ఎలాగో గడిచిపోయేది. ఆల్టర్నేటరుకి బ్యాటరీయే ఆనకట్ట. దాన్ని హఠాత్తుగా తీసేస్తే ఒక్క లిప్తపాటు వోల్టేజి పదుల్లోకి ఎగిరి, వంద దగ్గరికి కూడా పోగలదు. ఆల్టర్నేటరు డయోడ్లు, బండిలో ఎలక్ట్రానిక్ సామాను ఏదైనా ఉంటే అదీ మాడిపోతాయి. మూడు వందల మీటరు చెప్పే జవాబు కోసం ఆల్టర్నేటరునే పణం పెట్టడం ఎందుకు?

డీజిలు జీపుల వాళ్లకి ఇందులో ఒక వెసులుబాటు ఉంది. పాత రకం మెకానికల్ పంపున్న డీజిలు ఇంజిన్ ఒకసారి అందుకున్నాక కరెంటుతో పని లేకుండా తిరుగుతుంది, డీజిలు ఆపే వాల్వు కరెంటుది కాకపోతే. దీపాలు పోతాయి గానీ బండి నడుస్తుంది. వెలుగు లేని బండి రోడ్డు మీద నడవడం ఆగిపోవడం కంటే ప్రమాదం కావచ్చు, అది వేరే విషయం.

వైర్ల కట్ట పొడవునా మెత్తబడినా, డ్యాష్‌బోర్డు వెనక కాలిన వాసన వస్తున్నా ఇంటి వైద్యం ఆపేయాలి. అక్కడ తప్పు ఒక కీలుది కాదు, కట్ట మొత్తం విప్పి చూడగలిగిన చెయ్యి కావాలి. ఆ చెయ్యికి ఇచ్చే కూలి దండగ కాదు.

సాయబు గారు ఆ రోజు కప్లరు మార్చాక బండి వెంటనే ఇవ్వలేదు. మళ్లీ అన్నీ వేయించి, పావుగంట కూర్చుని, మళ్లీ అదే చోట చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. చిన్నాన్న అడిగితే సంచీలోంచి పాత ఇండికేటరు బల్బు, రెండు మూరల వైరు తీసి టెస్ట్ ల్యాంపు ఒకటి చేసిచ్చాడు, దానికి డబ్బు వద్దన్నాడు. బండి అమ్మేసినా అది మా ఇంట్లోనే ఉండిపోయింది. సైకిలు పుల్ల తుప్పు పట్టింది, బల్బు ఇప్పటికి రెండుసార్లు మార్చాను.